చావుల లెక్క వార్డులవారీగా తీయండి: విజయవాడ, కృష్ణా డెల్టా వాసుల వినతిపత్రం

విజయవాడ,
నవంబరు 2025

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి,

ప్రతులు: రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి, ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల కలెక్టర్లకు, విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి.

విషయం: గాలి కాలుష్యం వల్ల తక్కువ రాబడి కుటుంబాల్లో జరుగుతున్న అకాల మరణాలను లెక్కించడం, ఆ లెక్కను బట్టి నిధులు ఖర్చు చేయడం గురించి.

అయ్యా,

మేము ఇబ్రహీంపట్నం, కొండపల్లి, భవానీపురం, చిట్టినగర్, కృష్ణలంక, అజిత్‌సింగ్ నగర్, ఆటోనగర్, కంచికచర్ల, పరిటాల, ఉయ్యూరు, తెనాలి ప్రాంతాల వాళ్లం. మాలో ఆటో తోలేవాళ్లు, ముఠా కూలీలు, మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు, క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్లు, బట్టీల్లో ఇటుక మోసేవాళ్లు, కౌలు రైతులు, ఆశా కార్యకర్తలు, నాలుగైదిళ్లలో పనిచేసుకుని బతికే ఆడవాళ్లు ఉన్నారు. రిటైరైన లెక్కల మేష్టార్లు ఇద్దరు ముగ్గురు ఈ కాగితం రాయడంలో సాయపడ్డారు. అందుకని ఇందులో అంకెలు కాస్త ఎక్కువే కనిపిస్తాయి. ఓపిగ్గా చదవమని మనవి.

మా కోరిక ఒక్క ముక్కలో ఇదీ. ఈ ప్రాంతంలో ఎవరు, ఏ వార్డులో, ఎంత రాబడి మీద బతుకుతూ, ఏ గాలి పీలుస్తూ, ఏ వయసులో చనిపోతున్నారో ప్రభుత్వం లెక్క తీయాలి. గాలి బాగుపడిందో లేదో ఆ లెక్కతోనే తేల్చాలి. మిగతా డిమాండ్లన్నీ దీని వెనకే వస్తాయి.

ఢిల్లీ ఇచ్చే జవాబు

గాలి కాలుష్యం వల్ల దేశంలో ఎంతమంది చనిపోతున్నారని పార్లమెంటులో ఎవరడిగినా కేంద్ర పర్యావరణ శాఖ కొన్నేళ్లుగా ఇంచుమించు ఒకటే జవాబు చెబుతోంది. ఫలానా చావు ఒక్క గాలి వల్లే వచ్చిందని తేల్చి చెప్పే ఆధారాలు లేవట. మనిషి ఆరోగ్యం తిండి అలవాట్లు, చేసే పని, సామాజిక ఆర్థిక స్థితి, పాత జబ్బులు, రోగనిరోధక శక్తి, వంశపారంపర్యం ఇలా ఎన్నిటి మీదో ఆధారపడి ఉంటుందట. ఈ జాబితాలో అబద్ధమేమీ లేదు. దాన్ని వాడుకుంటున్న తీరు మీదే మా అభ్యంతరం. పేదరికాన్ని ముందుకు తోసి గాలిని కేసులోంచి తప్పిస్తున్నారు. మా ఇళ్లలో ఆ రెండూ విడివిడిగా లేవు. రాబడి లేనివాడికే బూడిద చెరువు పక్కన స్థలం చవగ్గా దొరుకుతుంది. వాడి ఇంటికే అద్దాల కిటికీ ఉండదు. వాడే ఎండా దుమ్మూ చూసుకోకుండా బయట పనికి పోతాడు. ఆయాసం వచ్చినప్పుడు ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లేదీ వాడే. పేదరికం ఒక కారణం, గాలి వేరే కారణం అని రెండు సీసాల్లో పోసి చూపించమంటే మావల్ల కాదు. అయినా ఆ పని చేసినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు.

1970లో అమెరికాలో లెస్టర్ లేవ్, యూజీన్ సెస్కిన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు నూరుకు పైగా నగర ప్రాంతాల మరణాల రేట్లు తీసుకున్నారు. గాలిలోని దుమ్మును, సల్ఫేట్లను, ఆ ఊళ్ల జనసాంద్రతను, ముసలివాళ్ల శాతాన్ని, ప్రజల స్థితిగతులను కలిపి ఒకే సమీకరణంలో పెట్టి చూశారు. ఎవరి వాటా వాళ్లకు పంచాక కూడా గాలి వాటా మిగిలే ఉంది. ఊరి సగటులు చూసి మనిషి సంగతి చెప్పలేమని అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు 1993లో వచ్చింది. హార్వర్డ్ పరిశోధకులు ఆరు ఊళ్లలో 8,111 మందిని ఒక్కొక్కరిగా ఏళ్ల తరబడి గమనించి, సిగరెట్ అలవాటు, చదువు, ఒంటి బరువు అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. అయినా అన్నిటికన్నా మురికి గాలి ఉన్న ఊళ్లో మరణాల రేటు అన్నిటికన్నా శుభ్రమైన ఊరి కంటే 26 శాతం ఎక్కువ తేలింది. 2017లో 65 ఏళ్లు దాటిన 6 కోట్ల మంది అమెరికన్ల రికార్డులతో ఇంకో పరిశీలన వచ్చింది. అదే మోతాదు ధూళికి పేదలకిచ్చే వైద్య సాయం అందుకుంటున్నవాళ్లలో, నల్లజాతివాళ్లలో మరణ ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువ పెరిగిందని అది చూపించింది. అంటే గాలి చేసే హాని రాబడి తక్కువైన కొద్దీ పెరుగుతోంది. సామాజిక ఆర్థిక స్థితిని సాకుగా చెబుతున్న శాఖవారు ఈ ఒక్క ఫలితాన్ని తీరిగ్గా చదువుకోవాలి.

మన దేశం లెక్క దగ్గరకు వద్దాం. 2024 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం 2009 నుంచి 2019 వరకు 655 జిల్లాల మరణాలను పరిశీలించింది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే సన్నని ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే ఏడాది మరణాలు 8.6 శాతం పెరిగాయని చెప్పింది. ఇక్కడ ఒక చిన్న కూడిక. మన దేశం 2009లో పెట్టుకున్న ఏడాది సగటు ప్రమాణం 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. మధ్యలో తేడా 35. పది మైక్రోగ్రాములకు 8.6 శాతం లెక్కన గుణిస్తే 30 శాతం దాటుతుంది. మా గాలి ప్రమాణాల లోపలే ఉందని అధికారులు బోర్డు పెట్టే రోజున కూడా, నిజంగా శుభ్రమైన గాలి ఉన్న చోటుతో పోలిస్తే ఇంత తేడా మిగిలే ఉండొచ్చన్నమాట. ఆ అధ్యయనమే ఇంకో మాట చెప్పింది. ఆ పదకొండేళ్లలో 40 దాటిన ధూళి వల్ల పోయిన ప్రాణాలు 38 లక్షలు. హద్దు 5 దగ్గర పెట్టి చూస్తే 1 కోటి 66 లక్షలు. ఈ రెండు అంకెల నడుమ ఉన్నవాళ్లంతా మన ప్రమాణం దృష్టిలో గాలి వల్ల చనిపోనివాళ్లే.

ఇంకొక లెక్క ఉంది, మాకు అన్నిటికన్నా చేదుగా తోచింది అదే. నరసింహ రావు అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2021లో, దేశంలో ఎవరి వినియోగం ఎంత కాలుష్యం పుట్టిస్తోంది, ఎవరి మీద ఎన్ని చావులు పడుతున్నాయి అని పక్కపక్కన పెట్టి చూశారు. తాము పుట్టించిన కాలుష్యంతో పోల్చుకుంటే అట్టడుగు పదో వంతు కుటుంబాలు మోస్తున్న మరణ భారం, పై పదో వంతు కుటుంబాల కన్నా తొమ్మిది రెట్లు. ఏసీ నడిచేది ఒక ఇంట్లో, దానికి కరెంటు పుట్టించిన బూడిద రాలేది ఇంకో ఇంటి మీద.

ఇబ్రహీంపట్నం

బూడిద మాట వచ్చింది కాబట్టి అక్కడే మొదలుపెడతాం. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని మా వైపు ఇప్పటికీ వీటీపీఎస్ అనే అంటారు. 1979లో మొదలై, 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 2009లో 500 మెగావాట్లది ఒకటి, 2023లో 800 మెగావాట్లది ఒకటి చేరి, ఇవాళ 2,560 మెగావాట్ల కేంద్రమైంది. రాష్ట్రానికి వెలుగిస్తున్న కేంద్రం అది, మూసేయమని మేం అడగడం లేదు. అందులో ఉద్యోగాలు చేసినవాళ్ల పిల్లలూ మాలో ఉన్నారు. కాని మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు పైగా బూడిదే ఉంటుంది. ఆ బూడిద చెరువుల్లోకి పోతుంది, లారీలెక్కుతుంది, సిమెంటు ఫ్యాక్టరీలకూ ఇటుకల బట్టీలకూ రోడ్ల పనులకూ వెళుతుంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం బూడిదనంతా వినియోగించి తీరాలి. మంచి ఉద్దేశమే. అయితే వినియోగం పెరిగిందంటే లారీలు పెరిగాయని. పట్టా సరిగా కప్పని లారీ జాతీయ రహదారి మీద పోతుంటే వెనకాల బండి మీద వచ్చేవాడి కళ్లల్లో పడేది, దారి పక్క టిఫిన్ బండి మీద పేరుకునేది ఆ బూడిదే. వేసవిలో చెరువు ఎండి పడమటి గాలి లేచిన రోజున ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. నీళ్లు కొనుక్కునే ఇంటికి అదీ ఒక ఖర్చే.

కంటికి కనిపించే బూడిద కథ ఒకటైతే, కనిపించని గంధకం పొగది ఇంకో కథ. బొగ్గు కేంద్రాలు పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను వడగట్టాలని కేంద్రం 2015 డిసెంబరు 7న నియమం చేసింది, రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువు సాగుతూ సాగుతూ వచ్చింది. 2025 జులై 11న, మూడు తరగతులుగా ఉన్న కేంద్రాల్లో ఎక్కువ భాగానికి మినహాయింపే ఇచ్చేశారు. 10 లక్షల జనాభా దాటిన నగరానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మాత్రం 2027 చివరికి వడపోత యంత్రాలు పెట్టాలి. గాలి ప్రమాణాలు అందుకోని నగరాలకు అంత దగ్గరలో ఉన్నవాటి సంగతి విడివిడిగా తేలుస్తారు. విజయవాడ 2011 జనాభా లెక్కల్లోనే 10 లక్షలు దాటింది, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలోనూ ఉంది. మరి ఆ 10 కిలోమీటర్ల టేపు ఎక్కడ పెట్టి కొలుస్తారు? నగరపాలక సంస్థ హద్దు నుంచా, బెంజి సర్కిల్ నుంచా? టేపు రెండు కిలోమీటర్లు అటో ఇటో జరిగితే కొన్ని వందల కోట్ల యంత్రం ఉండడమో లేకపోవడమో తేలిపోతుంది. గంధకం పొగ గాలిలో సల్ఫేటు ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది, దానికి ఈ టేపుతో పనిలేదు. కాబట్టి ఇబ్రహీంపట్నం కేంద్రాన్ని ఏ తరగతిలో వేశారో, ఏ కొలతతో వేశారో పత్రాలతో సహా బయటపెట్టాలి. తరగతి ఏదైనా సరే, రాష్ట్ర ప్రభుత్వ సొంత సంస్థ నడిపే కేంద్రం కనుక వడపోత యంత్రాలు పెట్టాలని రాష్ట్రమే నిర్ణయించాలి. బూడిద లారీలు మూతపెట్టిన బాడీతో తప్ప గేటు దాటకూడదు. చెరువులు ఎండకుండా నీళ్లు చల్లుతున్నారో లేదో గ్రామ సచివాలయానికి రోజూ తెలియాలి.

గాలి కొలిచే చోటు

నగరంలో జనం ఆన్‌లైన్‌లో చూసుకోగలిగే ప్రభుత్వ గాలి కొలత కేంద్రాలు ఐదు: పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, రాజీవ్ గాంధీ పార్కు, హెచ్‌బీ కాలనీ, కానూరు, రాజీవ్‌నగర్. ఇందులో రాజీవ్‌నగర్ తక్కువ రాబడి జనం ఉండే చోటే, ఒప్పుకుంటున్నాం. కాని ఒకటి మైదానం, ఇంకొకటి పార్కు. ఇబ్రహీంపట్నం లేదు, ఆటోనగర్ లేదు, పాతబస్తీ లేదు, కొండవాలు కాలనీ ఒక్కటీ లేదు, కాలవ గట్టూ లేదు. వీటి సగటు తీసి నగరం గాలి ఇదీ అనడం, బంతిలో అందరి విస్తళ్ల సగటు చూసి చివర కూర్చున్నవాడి కడుపు నిండిందనడం లాంటిది.

చలికాలం సంగతి వేరే చెప్పాలి. కొండల నడుమ ఉన్న ఊరిది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చల్లగాలి కిందే ఉండిపోయి పొగ పైకి లేవదు. నేలకు దగ్గర్లో ధూళి అన్నిటికన్నా చిక్కగా ఉండే ఆ గంటల్లోనే పారిశుద్ధ్య కార్మికులు చీపురు పట్టి రోడ్డు మీద ఉంటారు. వాళ్లు పీల్చేదాంట్లో సగటు గాలే కాదు, వాళ్ల చీపురు లేపిన గాలి కూడా ఉంటుంది. యంత్రాలతో ఊడుస్తున్నామని నగరపాలక సంస్థ అంటుంది. యంత్రం బందరు రోడ్డు మీద తిరుగుతుంది, చిట్టినగర్ సందుల్లోకి పట్టదు కదా. ఇబ్రహీంపట్నం, ఆటోనగర్, పరిటాలల్లో కొలత కేంద్రాలు పెట్టాలి. పారిశుద్ధ్య కార్మికులకు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లకు, ఆటో డ్రైవర్లకు, వంట చేసే ఆడవాళ్లకు ఒంటి మీద పెట్టుకునే చిన్న పరికరాలిచ్చి మనిషి నిజంగా పీల్చే మోతాదు కొలిపించాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల 28 గ్రామాల్లో ఉమ్మడి రాష్ట్రం నాడే మొదలైన తల్లిదండ్రులు, పిల్లల ఆరోగ్య అధ్యయనంలో కొందరికి అలాగే పరికరాలు తగిలించి కొలిచారు. ఎక్కువ ధూళి ఉన్నచోట మెడ రక్తనాళాల గోడలు మందమయ్యాయని కూడా అక్కడి పరిశోధకులే చూపించారు. గుండెపోటుకు, పక్షవాతానికి దారి అదే. ఆ గ్రామాల్లో చేసిన పని విజయవాడలో చేయలేమా?

క్రషర్లు, రాజధాని

పరిటాల, దొనబండ, కంచికచర్ల వైపు క్రషర్లు ఎన్నేళ్ల నుంచో ఉన్నాయి. అమరావతి పనులు ఈ ఏడాది మే 2న మళ్లీ మొదలయ్యాయి. రాజధాని రావాలి, దాని పనుల్లో మాలో చాలామందికి కూలి దొరుకుతోంది. కంకరకూ ఇసుకకూ గిరాకీ పెరిగితే క్రషర్ దగ్గర దుమ్మూ పెరుగుతుందన్నది మా భయం. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే అది తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో చేరింది. కాని క్రషర్ కూలీ దగ్గుతూ ఆస్పత్రికి పోతే క్షయ మందులు పట్టుకుని ఇంటికి రావడం దేశమంతటా జరుగుతున్నదే. మందులు వాడతాడు, తగ్గదు, మళ్లీ వాడతాడు. చివరికి చనిపోతే కాగితం మీద క్షయ అని పడుతుంది, లేకపోతే ఏమీ పడదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో సిలికోసిస్‌కు ప్రత్యేక విధానం తెచ్చి, జబ్బు తేలినవాళ్లకు పరిహారం, పెన్షన్ ఇస్తోంది. మన దగ్గరా అలాంటిది కావాలి. ఏడాదికోసారి క్రషర్ దగ్గరికే ఎక్స్‌రే బండి రావాలి. రాళ్ల మీద నీళ్లు చల్లకుండా, షెడ్డు వేయకుండా నడిచే క్రషర్ కంకరను రాజధాని పనులకు కొనబోమని టెండరు షరతుల్లో రాయాలి. కొనేది ప్రభుత్వమే కాబట్టి దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

పొలంలో నిప్పు, ఇంట్లో పొయ్యి

వరిగడ్డి తగలబెడుతున్నామని రైతుల మీద కేసులు పెట్టొద్దని ముందే చెబుతున్నాం. ఒకప్పుడు కోత కూలీలు కొడవలితో మొదలంటా కోసేవాళ్లు, పశువులుండేవి, గడ్డివాము వేసుకునేవాళ్లం. ఇప్పుడు కోత మిషను జానెడు మోడు వదిలి పోతోంది. పశువుల్లేవు. వెంటనే మాగాణిలో మినుమో, జొన్నో, మొక్కజొన్నో వేసుకోవాలి, నేలలో తడి ఆరిపోక ముందే. డెల్టాలో సాగు చాలాచోట్ల కౌలు రైతు చేతిలో ఉంది, ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలు ముందే ఒప్పుకున్నవాడికి గడ్డి మోపులు కట్టించే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? అగ్గిపుల్లకు పైసల్లోనే ఖర్చు. గడ్డి చుట్టలు కట్టే యంత్రాలను రైతు సేవా కేంద్రాల ద్వారా కోతల సమయంలో ఉచితంగా తిప్పండి. సాగుదారు కార్డు లేని కౌలు రైతుకూ పంపండి. చుట్టిన గడ్డిని మేత కరువున్న రాయలసీమ మండలాలకు చేర్చండి. ఇవి చేశాక కూడా ఎవరైనా తగలబెడితే అప్పుడు మాట్లాడదాం. ఆ పొగ ముందు పడేదీ పొలం పక్క కాలనీ మీదే కదా.

ఇంట్లో పొగ దగ్గర రాష్ట్రం చాలా చేసింది, చేయలేదంటే అన్యాయం. 1999లో దీపం పథకం వచ్చింది, నిరుడు నవంబరు 1న దీపం 2 మొదలై ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమయ్యాయి. 1990తో పోలిస్తే వంటింటి పొగ వల్ల దేశంలో మరణాల రేటు 2019 నాటికి 64 శాతం తగ్గిందని భారత రాష్ట్రాల జబ్బుల భారం అధ్యయనం చెప్పింది. అదే అధ్యయనం బయటి గాలి ధూళి వల్ల మరణాల రేటు 115 శాతం పెరిగిందనీ, అన్ని రకాల గాలి కాలుష్యం కలిపి 2019లో 16.7 లక్షల మంది పోయారనీ చెప్పింది. దేశంలో జరిగిన మొత్తం చావుల్లో అది 17.8 శాతం. వంటింట్లో గెలిచింది వీధిలో పోగొట్టుకున్నాం. ఆ గెలుపు కూడా సగంలోనే ఉంది. నలుగురైదుగురున్న ఇంట్లో సిలిండరు నెలన్నర రావడమే గొప్ప. మూడు అయిపోయాక మిగతావి కొనాలి. ఉచితమైనదానికి కూడా ముందు డబ్బు కట్టి, తర్వాత ఖాతాలో పడేదాకా ఆగాలి. రోజు కూలికి పోయే ఇంట్లో ఒక్కసారి ఎనిమిది, తొమ్మిది వందలు తీయడమంటే పచారీ సరుకులు ఆపుకోవడమే. దాంతో కూర గ్యాసు మీద, అన్నమూ స్నానాల నీళ్లూ పుల్లల పొయ్యి మీద. కనెక్షన్ల పట్టికలో ఆ ఇల్లు పొగలేని ఇల్లే. సబ్సిడీ సిలిండరు చేతికి వచ్చేటప్పుడే మినహాయించాలని, అట్టడుగు కుటుంబాలకు ఆరు సిలిండర్లివ్వాలని, చిన్న సిలిండర్లు రేషన్ దుకాణాల్లో అమ్మాలని కోరుతున్నాం. బడి భోజనం ఇంకా కట్టెల మీద వండుతున్న చోట వంట ఆయమ్మలకు ముందుగా గ్యాసు ఇవ్వాలి.

చావు కాగితం

ఇక అసలు సంగతి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద చావు నమోదు చేసే ఫారం 2 చూడండి. అందులో చనిపోయినవాళ్ల వృత్తి అడుగుతారు. సిగరెట్ తాగేవాడా, ఎన్నేళ్లు తాగాడు, పొగాకు నమిలేవాడా, వక్కపొడి వేసుకునేవాడా, మందు తాగేవాడా అని కూడా అడుగుతారు. ఏ పొయ్యి మీద వండేవారో అడగరు. ఏ ఫ్యాక్టరీ పక్కన ఎన్నేళ్లున్నారో అడగరు. చనిపోయినవాడి తప్పులకు గడులున్నాయి, వాడి చుట్టూ ఉన్నదానికి లేవు. ఆ ఫారం నింపిన గుమాస్తాను తప్పుపట్టడం లేదు, దాన్ని తయారుచేసిన కాలం అలాంటిది. కాని కేంద్రం ఆధారాల్లేవని చెప్పే జవాబు ఎక్కడ పుడుతోందో ఇక్కడ చూడొచ్చు. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాటిలో చాలావరకు ఇంట్లో పోయిన ప్రాణాలు, గుండె ఆగి అనో, వయసు మీదపడి అనో, ఆయాసంతో అనో. వాటిలో ఎక్కువ ఎవరి ఇళ్లలో జరిగినవో వేరే చెప్పక్కర్లేదు. డబ్బున్నవాడి చావుకు కార్పొరేట్ ఆస్పత్రి కారణం రాసిస్తుంది.

మార్గం లేక కాదు. దేశ రిజిస్ట్రార్ జనరల్ ఆధ్వర్యంలో 2001 తర్వాత జరిగిన పది లక్షల మరణాల అధ్యయనంలో, చావు జరిగిన ఇంటికి శిక్షణ పొందిన మనిషి వెళ్లి చివరి రోజుల లక్షణాలు అడిగి రాసుకుంటే, ఇద్దరు డాక్టర్లు అది చదివి కారణం తేల్చేవాళ్లు. మాకు వార్డు సచివాలయాలున్నాయి, ఆశాలున్నారు, ఏఎన్ఎంలున్నారు. విజయవాడ నగరంలోనూ, ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, జగ్గయ్యపేట, ఉయ్యూరు, తెనాలి మండలాల్లోనూ వచ్చే ఏప్రిల్ నుంచి జరిగే ప్రతి మరణానికీ ఇలా విచారణ చేయించండి. దానికోసం ఆశాలకు ఒక్కో ఇంటికి ఇంతని విడిగా ఇవ్వండి. ఇప్పుడున్న జీతానికి ఇంకో పని తగిలించొద్దు.

రాబడి ఎలా తేల్చాలనేది కాస్త ఆలోచించాల్సిన విషయం. బియ్యం కార్డు మన రాష్ట్రంలో చాలా ఇళ్లకు ఉంది కాబట్టి అదొక్కటీ చూస్తే పేదా గొప్పా తేడా తెలియదు. ఇంటి పైకప్పు, నెలకు వాడే కరెంటు యూనిట్లు, వంటకు వాడేదేమిటి, ఇంట్లో సంపాదించేవాళ్లు రోజు కూలా నెల జీతమా అన్న నాలుగు ప్రశ్నలు చాలు, ఇళ్లను ఐదు మెట్లుగా విడదీయొచ్చు. ఇవన్నీ సచివాలయం కంప్యూటర్లలో ఇప్పటికే అక్కడక్కడా ఉన్నవే. పేర్లు, ఆధార్ నంబర్లు తీసేసి, వార్డూ మెట్టూ వయసూ ఆడామగా చావు కారణం అన్న గడులతో ప్రతి ఏటా పట్టిక అచ్చువేయాలి. పక్కనే ఆ వార్డుకు దగ్గరున్న కేంద్రంలో ధూళి కొలత వేయాలి. సిద్ధార్థ వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగానికి ఆ పని అప్పగించొచ్చు. పట్టిక వచ్చాక దాన్ని చూసి ఎవరైనా, మీరు చెప్పింది తప్పు, మీ వార్డుల్లో చావులకూ గాలికీ సంబంధం లేదని రుజువు చేస్తే సంతోషంగా ఒప్పుకుంటాం. ఇప్పుడైతే మా మాట నిజమో కాదో తేల్చే కాగితమే రాష్ట్రంలో లేదు.

పదేళ్లకు పైగా దేశంలోని పెద్ద నగరాల్లో రోజువారీ ధూళికీ రోజువారీ చావులకూ లంకె చూసిన అధ్యయనం 2024 జులైలో వచ్చింది. అందులో పది నగరాలున్నాయి, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఉన్నాయి, చల్లని సిమ్లా కూడా ఉంది. విజయవాడ లేదు. విశాఖా లేదు. మన చావుల రిజిస్టర్లు అలాంటి లెక్కకు పనికొచ్చేలా ఉంటే మననీ చేర్చేవాళ్లేమో.

డబ్బు, మందు

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ధూళిని 40 శాతం తగ్గించాలన్న గడువు 2026 మార్చి. ఆ కార్యక్రమం కింద దేశమంతటా ఖర్చైన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే పోయిందని, పరిశ్రమల పొగ మీద 1 శాతం కూడా పెట్టలేదని ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 2024లో తేల్చింది. కారణం సులువే. మార్కులు వేసేది పీఎం 10 అనే మోటు ధూళిని బట్టి. ఊడిస్తే మార్కులు వస్తాయి. ప్రాణం తీసే సన్నధూళికి మార్కుల్లేవు. విజయవాడకు ఇంతవరకు వచ్చిన నిధులెంత, దేనికి ఎంత పెట్టారు, ఏ వార్డులో పెట్టారు అన్నది నగరపాలక సంస్థ తెలుగులో అచ్చువేసి ప్రతి సచివాలయం గోడకు అంటించాలి. తర్వాతి ప్రణాళికలో కనీసం సగం డబ్బు మరణాల పట్టికలో పైన ఉన్న వార్డులకు పోవాలి. పట్టిక రాకముందు ఏం చేయాలంటారా, ఇబ్రహీంపట్నం, ఆటోనగర్, అజిత్‌సింగ్ నగర్‌లతో మొదలుపెట్టండి. సింగ్‌నగర్ జనం నిరుడు సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగినవాళ్లు. నీళ్లు తీశాక వీధుల్లో ఎండిన బురద దుమ్మై లేస్తే దాన్నీ పీల్చారు.

మందుల విషయం పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆయాసం జబ్బుకు ఇన్హేలరు నెల నెలా కొనాలి, ఆపితే మళ్లీ ఆస్పత్రిలో పడాలి. ఆస్పత్రిలో పడితే ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, పడకుండా ఆపే మందుకు జేబులోంచి తీయాలి. ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో, ప్రతి పీహెచ్‌సీలో ఇన్హేలర్లు ఏడాది పొడుగునా ఉచితంగా దొరకాలి. ఊపిరి కొలిచే స్పైరోమీటరు, అది వాడటం తెలిసిన నర్సు ఉండాలి. గాలి బాగా చెడిన రోజున బయట పనిచేసే మున్సిపల్, ఉపాధి హామీ కూలీలకు పని వేళ మార్చాలి, కూలి కోయకూడదు. బడులకు సెలవిచ్చి కూలీని మాత్రం రోడ్డు మీద ఉంచడం మేం ఉత్తరాది నగరాల వార్తల్లో చూస్తున్నాం.

ఈ వినతి మీద తీసుకున్న నిర్ణయాలను ఏ శాఖ, ఏ తేదీకి అన్న వివరంతో డిసెంబరు 31 లోపల మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తర్వాత కలెక్టర్ గారు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు, వైద్యాధికారులు కలిసి ఒక బహిరంగ సమావేశం పెట్టాలి. అది ఇబ్రహీంపట్నంలో పెట్టాలని కోరుతున్నాం. పనిరోజు పగటిపూట పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకు వస్తే మాకు ఆ రోజు కూలి పోతుంది, అందుకే ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి.

ఇట్లు,
విజయవాడ నగర, ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, ఉయ్యూరు, తెనాలి ప్రాంతాల నివాసులు, కార్మికులు, కౌలు రైతులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరిచాం)